పిల్ల బోవా, పెద్ద బోవా

రెండు వారాలకొకసారి శుక్రవారం పొద్దున మునిలక్ష్మికి సెలవు. ఆ పూట ఆమె కువైట్‌లోనే ఫర్వానియాలో ఉండే పర్వీన్ గదికి పోతుంది. టీ తాగుతుంది. ఊరికి పోయేవాళ్ళ పెట్టెలు ఎత్తుతుంది.

పెట్టెల్లో ఉండేవి ఎప్పుడూ ఒకటే. పాలపొడి, టైగర్ బామ్, సబ్బులు, బాదంపప్పు, మడత పెట్టినా దూడంత ఉండే కంబళి. విమానంవాళ్ళు ముప్పై కిలోలే ఒప్పుకుంటారు. పర్వీన్ దగ్గర కొక్కెం కాటా ఉంది. దాన్ని ఎవరూ నమ్మరు. మునిలక్ష్మి చున్నీ నడుముకు చుట్టుకుని, పెట్టెను నేలమీంచి జానెడు లేపి, దించి, చెప్తుంది.

"ముప్పై ఒకటీ రెండొందలు. పాలపొడి డబ్బా ఒకటి తీసెయ్."

"డబ్బా కిలోనే కదక్కా?"

"ఆ రేకు బరువు ఎవురు మోస్తారు, మీ అత్తనా?"

గదిలో అందరూ నవ్వుతారు. డబ్బా బయటికి వస్తుంది. విమానాశ్రయంలో ఆమె మాట ఇంతవరకూ తప్పలేదు. పదహారేళ్ళ వయసులో మదనపల్లె మండీలో టమాటా క్రేట్లు ఎత్తింది. అప్పుడు పట్టుబడిన విద్య అది. ఇప్పుడామెకు నలభై నాలుగు.

ఒక శుక్రవారం పర్వీన్ బయటినుంచి అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తోంది. ఆమెది రాయచోటి. మునిలక్ష్మిది ఆ పక్క పల్లె.

"మావాడు ఈ నెల కిలోన్నర పెరిగినాడు మే," అంది పర్వీన్. "ఇబ్బుడే పోయి ఎత్తొచ్చినా."

అల్-రాయ్ సంతలో హుస్సేన్ వలి పాముల దుకాణం ఉంది. బోవా పామును ఎత్తినప్పుడు, ఎత్తినవాళ్ళు ఎవరిమీద బెంగ పెట్టుకున్నారో ఆ మనిషి బరువు ఉంటుంది. పెద్ద బోవా అయితే ఆ మనిషి ఇవాళ్టి బరువు. పిల్ల బోవా అయితే, ఆ మనిషిని ఆఖరుసారి ఎత్తుకున్న నాటి బరువు. అందుకే శుక్రవారం పొద్దున ఆ దుకాణం ముందు వంటవాళ్ళు, డ్రైవర్లు, ఆయాలు వరుసగా నిలబడి ఉంటారు. కొనేది కువైటీలు. మిగతావాళ్ళు ఎత్తి, దించి, పోతారు. హుస్సేన్ వలి దానికేమీ తీసుకోడు. చేతులు కడుక్కుని రమ్మంటాడు, అంతే.

"నువ్వూ ఒకతూరి రాగూడదా?" అంది పర్వీన్.

"నాకేంటికి? దినామూ ఫోన్లో సూస్తానే ఉండా కదా."

పద్నాలుగేళ్ళుగా ఇదే మాట.

ఆమె కూతురు సుధారాణి. భర్త పోయాక పిల్లను తల్లి పోలేరమ్మ దగ్గర వదిలి వచ్చింది. రాయచోటి బస్టాండులో, బస్సు కదిలేదాకా చంకలోనే ఉంది పిల్ల. అప్పుడు నాలుగేళ్ళు. తర్వాత మునిలక్ష్మి మొదటిసారి సెలవుకు పోయేసరికి ఆరేళ్ళు. ఎత్తుకోబోతే అవ్వ వెనక్కి పోయి నిలబడింది. ఆ తర్వాత ఎత్తుకునే వయసు దాటిపోయింది. పోయిన ప్రతిసారీ మునిలక్ష్మి గౌన్లు, చుడీదార్లు తీసుకుపోయింది. అన్నీ బిగుతయ్యాయి.

*

ఆమె పనిచేసే ఇల్లు ఆర్దియాలో. యజమానురాలిని అందరూ మామా అంటారు. ఒకప్పుడు బడి పెద్దటీచరు. మాటలు తక్కువ. కూతురు దలాల్‌ను బహ్రెయిన్‌లో ఇచ్చింది. రెండేళ్ళ కిందట దలాల్ జబ్బుతో పోయింది. అప్పటినుంచీ ఇంట్లో ఒక గది తలుపు వేసే ఉంది. మునిలక్ష్మి వారానికొకసారి తీసి, తుడిచి, మళ్ళీ వేస్తుంది.

డిసెంబరు మొదటి గురువారం మునిలక్ష్మి బియ్యం ఏరుతుంటే మామా వంటింట్లోకి వచ్చింది.

"మునీ, ఒక బోవా తెచ్చుకుందామనుకుంటున్నాను."

"సరే మామా."

"చూసుకోవలసింది నువ్వే."

"సరే మామా."

"చిన్నదా, పెద్దదా, తేల్చుకోలేకున్నాను. రోజూ ఎత్తేది నువ్వు కదా. రేపు నువ్వూ రా, ఎత్తి చూడు."

మునిలక్ష్మి సరే అనలేదు. చేతిలో బియ్యపు చాట అలాగే ఉంది. మామా కాసేపు చూసి, వెళ్ళిపోయింది.

మర్నాడు కారు తోలింది గంగులయ్య. ఆ ఇంటి డ్రైవరు, గాలివీడు మనిషి. వయసులో మునిలక్ష్మికన్నా చిన్నవాడు. మామాకు తెలుగు రాదు కాబట్టి తోవ పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు.

"పామును ఇంట్లో పెట్టుకుంటే నేను పనికి వస్తానక్కా?"

"నువ్వు రాకపోతే పాముకే నష్టం లేప్పా."

"పెద్దదాన్ని మాత్రం కొననీయొద్దు. దాన్ని కడిగేది ఎవురు? నువ్వూ నేనే."

"నీ కారు కడిగేదే దిక్కులేదు."

ఆమె నవ్వించింది కానీ నవ్వలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, అరచేతులు పైకి తిప్పి చూసుకుంటూ కూర్చుంది.

*

హుస్సేన్ వలి దుకాణంలో చిలకల గోల. లోపలి గది మాత్రం వెచ్చగా, నిశ్శబ్దంగా ఉంది. రెండు అద్దాల పెట్టెలు. ఒకదాంట్లో బొటనవేలు లావు, మూరెడు పొడుగున్న పిల్ల బోవా చుట్ట చుట్టుకుని ఉంది. ఇంకోదాంట్లో పెద్దది. ఏడడుగులు. తోక దగ్గర ఇటుకరాయి రంగు మచ్చలు.

"కొండచిలువేనా ఇది?" అన్నాడు గంగులయ్య, గడప బయటే నిలబడి.

"కొండచిలువ గుడ్లు పెడ్తాది భయ్యా. బోవా పిల్లల్ని కంటాది," అన్నాడు హుస్సేన్ వలి. తర్వాత మామాకు అరబ్బీలో వివరంగా చెప్పాడు. పిల్లది బెదురుతుంది. ఒకటిరెండుసార్లు కరవచ్చు, చీమ కుట్టినట్టు. వారం పదిరోజులకొక చిట్టెలుక. నెలకో రెండు నెలలకో కుబుసం విడుస్తుంది. చేతికి అలవాటు చేసుకుంటూ పెంచాలి. పెద్దదాని గుణం తెలిసిపోయింది, నెమ్మది, నెలకొకసారి తిండి. కానీ గది నిండా చోటు కావాలి, దాన్ని పట్టాలంటే ఇద్దరుండాలి. పాతికేళ్ళు బతుకుతుంది. "ఇంకొకటి మామా. పిల్లది మూడేళ్ళలో పెద్దదవుతుంది. అప్పుడు అదీ ఇవాళ్టి బరువే చూపిస్తుంది. పాత బరువు మళ్ళీ రాదు."

"తెలుసు," అంది మామా.

ఆమె పెద్దదాన్ని ముందు అడిగింది. హుస్సేన్ వలి తీసి ఆమె రెండు చేతుల్లో పెట్టాడు. ఏడడుగుల పాము. మామా చేతులు దించలేదు, వంచలేదు. ఉతికి ఆరేసిన చున్నీని పట్టుకున్నట్టు పట్టుకుంది. అందులో ఏమీ లేదు.

వెనక్కి ఇచ్చేసింది.

తర్వాత పిల్లదాన్ని తీసుకుంది. మూరెడు పాముకు ఆమె మోచేతులు ఒక్కసారిగా కిందికి పోయాయి. తమాయించుకుని గోడకు ఆనించిన స్టూలు మీద కూర్చుంది.

"కారులో నిద్రపోయింది," అంది, ఎవరితోనో తెలియదు. "ఏడేళ్ళు అప్పుడు. మేడమీదికి నేనే ఎత్తుకుపోయాను. మెట్ల దగ్గర నడుం పట్టేసింది. ఇంక నడిచి రావాలి నువ్వు, పెద్దదానివయ్యావు, అన్నాను."

లేచి, పామును మునిలక్ష్మికి అందించింది. "నువ్వూ చూడు."

మునిలక్ష్మి చేయి చాచింది. పిల్ల బోవా మణికట్టు మీదుగా పాకి, మోచేయి దాటి, ఎడమ నడుం దగ్గర ఆగింది. ఆ నడుం దానంతటదే పక్కకు వంగింది. పన్నెండు కిలోల తొమ్మిదొందలు. బస్టాండులో ఎంత ఉందో అంతే. గ్రాము తేడా లేదు. దించమంటే దించలేదు. గంగులయ్య మొహం తిప్పుకున్నాడు.

"పెద్దది కూడా ఎత్తక్కా," అన్నాడు హుస్సేన్ వలి. "రెండూ సూసి చెప్పాల గదా."

పెద్దదాన్ని ఎత్తింది. ఒక క్షణం. మళ్ళీ ఇంకోసారి, పెట్టెలకు చేసినట్టు, దించి లేపింది.

ముప్పై ఎనిమిది కిలోల ఏడొందలు.

"ఈ పాముకు జబ్బు సేసిందా?" అంది.

"ఏంటికక్కా?"

"నా బిడ్డ యాభై రెండు. కాలేజీలో తూకం సూసినారు. పోయిన వారమే చెప్పింది నాకు."

"పాముకు జబ్బు సేస్తే పాము తగ్గాల. మీ పాప ఏంటికి తగ్గుతాది?" అని, హుస్సేన్ వలి గంగులయ్యను పిలిచాడు. "దా భయ్యా, నువ్వు ఎత్తు. తెలిసిపోతాది."

గంగులయ్య కళ్ళు మూసుకుని ఎత్తాడు. మోకాళ్ళు వంగిపోయాయి. "యప్పా! డెబ్బై దాటిందే! పోయినతూరికి అరవై అయిదే గదా నా పెండ్లాము!" అని దించి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "నేను పంపిచ్చేదంతా అదే తింటాండాదనుకుంటా."

హుస్సేన్ వలి నవ్వాడు. మునిలక్ష్మి నవ్వలేదు.

"నా చెయ్యి తప్పింది," అంది.

ఆ మాట ఆమె నోట గంగులయ్య ఎన్నడూ వినలేదు.

"ఏది తెద్దాం?" అంది మామా.

"చిన్నదే, మామా," అంది మునిలక్ష్మి. "చిన్నదే బాగుంది."

*

ఆ సాయంత్రం ఫోన్ చేసింది. సుధారాణి మొహం తెర నిండా కనిపించింది. మొహం మాత్రమే. మెడదాకా స్వెట్టరు.

"బాగుండావా మే?"

"బాగుండా మా. నువ్వు?"

"బాగుండా. బరువెంత ఉండావు?"

"చెప్పినా గదా. యాభై రెండు. అవ్వ పెట్టే సంగటికి ఇంగా పెరుగుతాది." పిల్ల సీసా ఎత్తి నీళ్ళు తాగింది. మళ్ళీ తాగింది.

"ఆ స్వెట్టరేంది?"

"చలికాలం కదా మా."

పోలేరమ్మ ఫోన్ లాక్కుంది. "పిల్ల బాగుండాది. నీ పని నువ్వు సూస్కో."

ఇక్కడివాళ్ళు, అక్కడివాళ్ళు ఫోన్లో జబ్బు మాట చెప్పుకోరు. చెప్తే అవతలివాళ్ళు వచ్చేది లేదు, ఏడ్చేది తప్ప. రెండేళ్ళ కిందట మునిలక్ష్మి బాత్రూములో జారి కుడిచేయి విరిగితే, కట్టు విప్పేదాకా ఎడమచేత్తోనే ఫోన్ పట్టుకుంది. బాగుండా అనే చెప్పింది. ఆ సంగతి ఆమెకు ఇప్పుడు గుర్తుకు రాకపోలేదు. ఫోన్ పెట్టేసి, పిల్ల బోవాను ఎత్తుకుంది.

ఆ తర్వాత మూడు వారాలు ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళూ మాట్లాడుకోకుండానే వంతులు వేసుకున్నారు. పొద్దున మునిలక్ష్మిది. మధ్యాహ్నపు అసర్ నమాజు తర్వాత మామాది. మునిలక్ష్మి పామును ఎడమ నడుం మీద వేసుకుని కూరలు తరిగింది, ఇస్త్రీ చేసింది, మెట్లు తుడిచింది. పదమూడు కిలోలు మోస్తూ పనిచేస్తే సాయంత్రానికి వెన్ను విరిగేది. ఆ నొప్పి ఆమెకు కావాలి. నొప్పి ఉన్న చోట చేయి పెట్టుకుని పడుకునేది. పాముకు తిండి పెట్టే రోజు మాత్రం కళ్ళు మూసుకుని తలుపు వేసేది.

సుధారాణికి రోజూ చేసే ఫోను రెండు రోజులకొకసారి అయింది. చేసినా, మాట్లాడేటప్పుడు ఆమె కళ్ళు అద్దాల పెట్టె మీదే ఉండేవి.

"మా, వింటాండావా?"

"ఆ, వింటాండా. బాగుండావు గదా."

"ఊఁ."

*

రెండు వారాలకు ఆమె పర్వీన్ గదికి పోయి పెట్టెలు ఎత్తింది. ఎత్తిన పెట్టెల్లో ఊరికి పోతున్న జులేఖాది ఒకటి. "ముప్పై, సరిగ్గా," అంది.

ఆ మరుసటి వారమే మామాను ఒక గంట అడిగి మళ్ళీ పోయింది, ఫర్వానియా అంగడిలో ఒకటి కొనుక్కుని. చూపించడానికి విప్పింది. ఎర్ర గౌను. చేతులకు కుచ్చులు.

"ఎవురికి మే ఇది?" అంది పర్వీన్.

"సుధకు."

పర్వీన్ గౌనును పట్టుకుని చూసింది. దాని పొడుగు ఆమె మోకాలి దాకా కూడా లేదు. తల ఎత్తి మునిలక్ష్మి మొహం చూసింది. వేళాకోళం కాదని తెలిసింది.

"సుధకు పద్దెనిమిదేండ్లు మే."

మునిలక్ష్మి గౌను వైపు చూసింది. అంగడిలో కొలత అడిగితే, తన నడుం దగ్గర చేయి పెట్టి చూపించింది. ఇంత, అంది. అది ఇప్పుడు గుర్తొచ్చింది.

"ఇంగొక మాట," అంది పర్వీన్ మెల్లగా. "జులేఖా ఊరినుంచి ఫోన్ చేసింది. పెట్టె ముప్పై నాలుగు తూగిందంట. అందరి ముందరా విప్పిచ్చి, కంబళి తీయించినారంట. వాళ్ళమ్మకని కొన్న కంబళి. నిన్ను ఏమీ అనలేదులే. నాకే చెప్పబుద్ధయింది. నీ చెయ్యి ఎప్పుడూ తప్పదే మే. ఏమైంది?"

గోడవారగా ఒక పెట్టె ఉంది. మునిలక్ష్మి పోయి దాన్ని లేపింది. దించింది. ఎంతో తెలియలేదు. ఇరవై కావచ్చు, నలభై కావచ్చు. చెయ్యి తప్పిందని తానే అన్నది. అన్న రోజునుంచీ చెయ్యి చెప్పడం మానేసింది.

ఆమె గోడ పట్టుకుని నిలబడింది.

"నీ కొక్కెం కాటా ఇయ్యి," అంది. "నాతో రా."

హుస్సేన్ వలి దుకాణంలో పెద్ద బోవా ఇంకా అమ్ముడుపోలేదు. మునిలక్ష్మి చేతులు కడుక్కుంది. కడిగిందే కడిగింది. పర్వీన్ కుళాయి కట్టేసింది.

"ముందు కాటా," అంది మునిలక్ష్మి.

హుస్సేన్ వలి పామును గుడ్డసంచిలో వేసి కొక్కేనికి తగిలించాడు. తొమ్మిది కిలోలు. కాటాకు ఎవరిమీదా బెంగ లేదు.

"ఇబ్బుడు నాకియ్యి."

తీసుకుంది. కళ్ళు మూసుకోలేదు. సుధ, అనుకుంది. బస్టాండులో పిల్ల కాదు. స్వెట్టరు వేసుకున్న పిల్ల. సీసా ఎత్తి నీళ్ళు తాగిన పిల్ల. ఆ పిల్లను తలుచుకోవడం ఆమెకు కష్టమైంది. ఆ పిల్ల గురించి ఆమెకు తెలిసింది తక్కువ. ఏ కూర ఇష్టమో తెలియదు. కోపం వస్తే ఏంచేస్తుందో తెలియదు.

అప్పుడు చేతుల్లోకి బరువు వచ్చింది.

"ముప్పై అయిదూ మూడొందలు," అంది.

పర్వీన్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"మూడు వారాల కింద ఎంత ఉన్నింది?" అన్నాడు హుస్సేన్ వలి.

"ముప్పై ఎనిమిదీ ఏడొందలు."

మరిచిపోయాననుకున్న అంకె. గ్రాములతో సహా నోట్లోనే ఉంది.

*

మామా హాల్లో కూర్చుని ఉంది, పిల్ల బోవా ఒళ్ళో. మునిలక్ష్మి ఎదురుగా నిలబడింది. ఒప్పందం ఇంకా తొమ్మిది నెలలుంది. ఏడ్వకూడదనుకుంది. ఏడ్వలేదు.

"మామా, నా కూతురు తగ్గిపోతోంది."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అడిగితే బాగున్నానంటోంది. పెద్దదాన్ని ఎత్తి చూశాను. మూడు వారాల్లో మూడు కిలోల నాలుగొందలు."

మామా పాము వీపు మీద చేయి ఆపింది.

"మొదటి రోజు కూడా తెలిసిందా నీకు?"

మునిలక్ష్మి తల వంచుకుంది. "తెలిసింది మామా. చిన్నది చాలా బాగుంది. అందుకని."

గోడగడియారం కింద గంగులయ్య కారు తాళాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"దలాల్ కూడా బాగున్నాననే చెప్పేది," అంది మామా. "రోజూ చెప్పేది. అప్పుడే నా చెల్లెలు బోవా కొనుక్కుంది. పెద్దది. వచ్చి ఎత్తమని పిలిచింది. పనుంది, తర్వాత వస్తాను, అన్నాను. పనేం లేదు మునీ."

పామును జాగ్రత్తగా పక్కన పెట్టి లేచింది. తన గదిలోకి పోయి, పాస్‌పోర్టు తెచ్చి మునిలక్ష్మి చేతిలో పెట్టింది.

"గంగులయ్యా, ఎల్లుండి దాకా ఆగొద్దు. రేపటికి చెన్నై టికెట్ చూడు." తర్వాత ఆమె వైపు తిరిగి, "ఆరు నెలలు దాటితే ఇక్కడ ఉండేందుకిచ్చిన ఇఖామా పోతుంది. తెలుసు కదా."

"తెలుసు మామా."

"తెలిస్తే చాలు. ఆ లెక్క పెట్టుకుని తిరిగి రావద్దు. యల్లా, బట్టలు సర్దుకో."

మునిలక్ష్మి పిల్ల బోవాను ఇంకొకసారి ఎత్తుకుంటుందేమోనని మామా పక్కకు జరిగింది. మునిలక్ష్మి ఎత్తుకోలేదు.

*

ఇంటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. వాకిట్లో పోలేరమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది. కూతుర్ని చూసి లేవబోయి, లేవలేక, అలాగే కూర్చుండిపోయింది.

"సెప్తే నువ్వేం సేస్తావు? ఆడ కూర్చోని ఏడుస్తావు. పరీక్షలు అయినాక సూపిద్దామనుకున్న్యాము. అదే వద్దనింది. అమ్మకు సెప్పొద్దవ్వా, వచ్చినా నలభై దినాలకే పోతాది, అనింది."

మునిలక్ష్మి లోపలికి పోయింది. సుధారాణి స్వెట్టరు వేసుకుని మంచంలో పడుకుని ఉంది. స్వెట్టరు కింద ఇంకో స్వెట్టరు. తల దగ్గర మూడు నీళ్ళ సీసాలు, రెండు ఖాళీ. కళ్ళు తెరిచి తల్లిని చూసింది. ఆశ్చర్యపోయే ఓపిక కూడా లేదు.

ఆటో పిలిపించారు. సుధారాణి లేచి రెండడుగులు వేసి తూలింది. మునిలక్ష్మి ఒక చేయి మోకాళ్ళ కింద, ఒక చేయి వీపు కింద పెట్టి ఎత్తుకుంది. పిల్ల వద్దనలేదు.

రాయచోటి ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయగానే డాక్టరమ్మ సెలైన్ పెట్టించింది. చక్కెర నాలుగు వందలు దాటింది. ఈ వయసులో వచ్చేది, ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయింది, జీవితాంతం సూది వేసుకోవాలి, అంతకు మించి భయం లేదు, అంది. "ఇంకొక్క వారం ఆలస్యమైతే ఈ మాట చెప్పలేకపోయేదాన్ని," అని కూడా అంది. మునిలక్ష్మి ఆ మాట విని వరండాలోకి పోయి, గచ్చు మీద కూర్చుని, చాలాసేపు లేవలేదు.

మూడో రోజుకు సుధారాణి దిండుకు ఆనుకుని కూర్చుంది. ఇడ్లీ తింది. ఇంకొకటి అడిగింది. నర్సు మునిలక్ష్మికి సూది పట్టుకోవడం నేర్పింది. పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి, నిటారుగా. ఆమె రెండుసార్లు పట్టి వదిలి, మూడోసారి గుచ్చింది. సుధారాణి తల్లి మొహమే చూస్తూ ఉంది.

"నొప్పి లేదులే," అంది.

నర్సు పోయాక అడిగింది. "నీకు ఎవురు చెప్పినారు? అవ్వనా?"

"ఎవురూ చెప్పల్యా. బోవాను ఎత్తినా."

సుధారాణి సెలైన్ గొట్టంలో రాలే చుక్కల వైపు చూసింది.

"పిల్లదా, పెద్దదా?"

"పెద్దది."

పక్క మంచం ముసలామె దగ్గింది. బయట ఎవరో నర్సును పిలిచారు.

"నువ్వు పిల్లదాన్నే ఎత్తుకుంటాంటావనుకున్న్యా," అంది సుధారాణి. "ఎప్పుడూ."

మునిలక్ష్మి అబద్ధం చెప్పాలనుకోలేదు.

"ఎత్తుకున్న్యా. మూడు వారాలు. దించబుద్ధి కాలా."

"ఎంత ఉండాను?"

"పన్నెండూ తొమ్మిదొందలు."

"అంతేనా?" సుధారాణి పెదవులు కొంచెం కదిలాయి. అది నవ్వో ఏడుపో మునిలక్ష్మికి తెలియలేదు. ఈ పిల్ల నవ్వబోయే ముందు మొహం ఎట్లా పెడుతుందో ఆమెకు ఇంకా తెలియదు.

"మళ్ళా ఎబ్బుడు పోవాల నువ్వు?"

"పోను."

"అందరూ అట్లే అంటారు."

మునిలక్ష్మి ఇడ్లీ గిన్నె తీసి కడిగి తెచ్చింది. నీళ్ళ సీసా నింపింది. మంచం పక్కన స్టూలు లేదు, పక్క రోగి చుట్టాలు తీసుకుపోయారు. గోడకు ఆనుకుని నిలబడింది.

సుధారాణి కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత తెరిచి, సెలైన్ ఉన్న చేయిని జాగ్రత్తగా పట్టుకుని, గోడవైపు జరిగింది. ఇంకొంచెం జరిగింది.

"ఎంతసేపు నిలబడుకుంటావు?" అంది. "దా."